కట్లపాము మూసే తూము.. మందు తెరిచే తూము

నాట్లు పూర్తయి చేలు పచ్చబడే రోజులు కృష్ణా డెల్టా చివరి భూముల్లో పాముకాట్ల రోజులు కూడా. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంతగా పెరిగాయంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయంలో దేవాదాయ శాఖ సర్పశాంతి యాగం జరిపించింది. ఆ వార్త దేశమంతా చదివింది. కొందరు నవ్వుకున్నారు. నాగాయలంకలోనో కోడూరులోనో చీకటి పడ్డాక గట్టు మీద నడిచి మడి తూము చూసుకోవాల్సిన మనిషికి మాత్రం అందులో నవ్వడానికేమీ లేదు.

యాగం సంగతి ఎవరి నమ్మకానికి వాళ్లకు వదిలేద్దాం. ఆ విషం ఒంట్లో ఎక్కడికి వెళ్లి ఏం చేస్తుందన్నది మాత్రం ప్రతి ఇల్లూ తెలుసుకోవాల్సిన సంగతి. బందరులోనో గుడివాడలోనో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నాం, మాకెందుకు అంటారా? కట్లపాము విషం నాడి మీద ఏ చోట దెబ్బ కొడుతుందో, అలాంటి చోటే పనిచేసే మందులతో ఫిట్స్‌ను ఆపాలని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ప్రయత్నిస్తున్నారు. ‘పొటాషియం ఛానల్ మందులు’ అనే మాట ఇప్పుడు వార్తల్లో తరచుగా కనిపిస్తోంది. మీ ఇంట్లో ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లుంటే, ఈ కొత్త మందు మనకూ పనికొస్తుందా అనే ప్రశ్న ఇవాళో రేపో మీకూ వస్తుంది.

కాటు వేసినట్టే తెలియదు

ముందు పాము సంగతి. రక్తపింజర కరిస్తే మంట, వాపు, నెత్తురు. నాగుపాము కాటూ నొప్పితో తెలిసిపోతుంది. కట్లపాము అలా కాదు. రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. దాని కోరలు చిన్నవి. చాలాసార్లు గాటు కూడా కనపడదు. చీమ కుట్టిందనుకుని పక్కకు తిరిగి పడుకుంటారు. తెల్లవారుజామున కడుపులో నొప్పి మొదలవుతుంది. వాంతి అవుతుంది. ఇంట్లోవాళ్లు రాత్రి తిన్నది పడలేదనుకుని వాము నీళ్లు ఇస్తారు. ఇంకాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు. ఆ తర్వాత ఊపిరి తీయించే కండరాలు మొరాయిస్తాయి.

వానాకాలంలో, నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారేసరికి కడుపునొప్పితో పాటు రెప్పలు వాలుతుంటే, గాటు ఉన్నా లేకపోయినా ముందు కట్లపామును అనుమానించాలి. గ్యాస్ మాత్ర వేసి చూద్దామనుకోవడంలో పోయే గంట చాలా ఖరీదైనది.

ఆసుపత్రిలో మరో చిక్కు ఎదురవుతుంది. ఒళ్లంతా చచ్చుబడి, కళ్లు తెరవలేక, కంటిపాపలు కూడా వెలుతురుకు కదలని స్థితిలో ఆ మనిషి ఉంటారు. చూసేవాళ్లకు మెదడు పోయిందనిపిస్తుంది. చాలామందిలో మెదడుకు ఏమీ కాదు. విషంలోని ప్రధాన పదార్థాలు పెద్ద ప్రొటీన్లు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడను అవి దాటలేవు. దెబ్బ తగిలేది మెదడు నుంచి వచ్చిన కబురును కండరానికి అందించే నాడి చివరలకు. లోపల మనిషి మేలుకునే ఉండొచ్చు, కదలడానికి మాత్రం దారి ఉండదు. కట్లపాము కాటును బ్రెయిన్ డెత్‌గా పొరబడే ప్రమాదం గురించి వైద్య పత్రికల్లో హెచ్చరికలు వచ్చాయి. పాముకాటు అనుమానం ఉన్న చోట ఆశ వదులుకునే మాట తొందరపడి అనకూడదు. ఊపిరితిత్తులకు సకాలంలో గాలి అందిస్తూ ఉంటే కొన్ని రోజులకు, ఒక్కోసారి వారాలకు, కోలుకుని ఇంటికి నడిచి వెళ్లేవాళ్లున్నారు.

కాలువ, మురుగు డ్రెయిన్

నాడీకణం ఎలా పనిచేస్తుందో డెల్టా వాళ్లకు చెప్పడం తేలిక. మన చేలకు కాలువ ఒక వైపు, మురుగు డ్రెయిన్ మరో వైపు ఉంటాయి. కాలువ తూము ఎత్తితే నీళ్లు వస్తాయి, ఎక్కువైన నీరు డ్రెయిన్‌లోకి పోతుంది. డ్రెయిన్ పూడిపోతే చేను మునుగుతుంది. 

మెదడులోని ప్రతి కణానికీ అలాంటి తూములు ఉన్నాయి. వాటినే ఛానళ్లు అంటారు. కణం లోపల మామూలుగా రుణ విద్యుదావేశం ఉంటుంది, బయటితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. కబురు పంపాల్సి వచ్చినప్పుడు సోడియం తూములు తెరుచుకుని, ధనావేశం ఉన్న సోడియం లోపలికి దూకుతుంది. కణం ఒక్కసారిగా ‘మోగుతుంది’. ఆ వెంటనే పొటాషియం తూములు తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోయి కణం మళ్లీ నెమ్మదిస్తుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు, రెండు వంతుల కాలంలో జరిగిపోతుంది. అంటే సోడియం తూము కాలువ లాంటిది, పొటాషియం తూము డ్రెయిన్ లాంటిది.

డ్రెయిన్లన్నీ ఒకే రకం కావు. మనిషిలో పొటాషియం ఛానళ్లను తయారుచేసే జన్యువులే 70కి పైగా ఉన్నాయి. కొన్ని తటాలున తెరుచుకుని మూసుకుంటాయి. కొన్ని నెమ్మదిగా తెరుచుకుని, కణం ఊరికే మోగకుండా ఒక చేత్తో పట్టుకున్నట్టు ఆపి ఉంచుతాయి. ఈ రెండో రకంలో ముఖ్యమైనవాటిని తయారుచేసే జన్యువులకు కేసీఎన్‌క్యూ2, కేసీఎన్‌క్యూ3 అని పేర్లు. పేర్లు నోరు తిరగనివే గానీ గుర్తుపెట్టుకోండి, ముందు వీటితోనే పని పడుతుంది. పుట్టిన వారంలోపే పసికందుకు ఫిట్స్ రావడం కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా కనపడుతుంది. అందుకు ఈ జన్యువుల్లోని లోపం కారణమని 1998లో తేలింది. డ్రెయిన్ సన్నబడితే చేను మునిగినట్టే, ఆ పిల్లల మెదడు కణాలు ఆగకుండా మోగుతాయి.

ఇప్పుడు విషం సంగతికి రండి. కట్లపాము జాతుల విషంలో ఉండే బీటా-బంగారోటాక్సిన్‌కు రెండు భాగాలున్నాయి. ఒకటి నాడి చివర ఉన్న పొటాషియం తూమును పట్టుకుంటుంది. రెండోది ఆ నాడి చివరి పొరనే కొరికేస్తుంది. డ్రెయిన్ మూతపడటంతో నాడి చివర అదుపు తప్పి, నిల్వ ఉన్న రసాయనాన్నంతా కుమ్మరిస్తుంది. తర్వాత ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఆ చివరే పాడైపోతుంది. యాంటీవీనమ్ రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు కానీ, పాడైపోయిన నాడి చివరను బాగుచేయలేదు. అది మళ్లీ పెరగాల్సిందే. ‘ఇంజెక్షన్ ఇచ్చారుగా, ఇంకా ఎందుకు లేవలేదు’ అని డాక్టర్‌తో గొడవపడే బంధువులకు అసలు సమాధానం ఇది. ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అన్ని నాడి చివరలు దక్కుతాయి.

పేరులో మన బంగారం

బంగారోటాక్సిన్ అన్న మాట తెలుగులా వినిపిస్తోందా? తెలుగే. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టర్ మన కోస్తాలో పాములను సేకరించి 1796లో పుస్తకం అచ్చువేయించాడు. పసుపు, నలుపు పట్టీలున్న పామును ఇక్కడివాళ్లు బంగారు పాము అంటారని అందులో రాసుకున్నాడు. ఆ మాటే లాటిన్ రూపం తొడుక్కుని బంగారస్ అనే జాతి పేరైంది. మన కట్లపామూ ఆ జాతిదే. 1963లో తైవాన్ శాస్త్రవేత్తలు చాంగ్, లీ అక్కడి కట్లపాము విషం నుంచి ఈ టాక్సిన్లను విడదీశారు. నాడీశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ, ఏ దేశంలో ఉన్నా, ఈ తెలుగు మాటను పలకాల్సిందే.

మూసే మందులు

విషం చేసే పనినే, కొలత తప్పకుండా మందుతో చేయిస్తే? ఫోర్-అమైనోపైరిడిన్ అనే రసాయనం పొటాషియం తూములను మూస్తుంది. ఒకప్పుడు అమెరికాలో దీన్ని పక్షులను తోలే విషంగా అమ్మారు. గింజల్లో కలిపితే తిన్న పక్షి గిలగిల్లాడుతుంది, అది చూసి మిగతావి ఎగిరిపోతాయి. ఆ రసాయనానికే 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందుగా అనుమతి ఇచ్చింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో నాడి పైపొర ఊడిపోయి కబురు దారిలోనే ఇంకిపోతుంది. డ్రెయిన్ కాస్త మూస్తే నీరు చేను చివరి దాకా చేరినట్టు, ఈ మందుతో కొందరికి నడక మెరుగవుతుంది. ఇది మెదడులోకీ వెళ్తుంది కాబట్టి, మోతాదు దాటితే ఫిట్స్ వస్తాయి. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లకు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఇవ్వరు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. కేసీఎన్‌ఏ2 అనే మరో పొటాషియం జన్యువులో లోపంతో కొందరు పిల్లలకు డ్రెయిన్ అవసరానికి మించి తెరుచుకుని ఉంటుంది. వాళ్లకూ ఫిట్సే వస్తాయి. మిగతా కణాలను అదుపుచేసే కణాలే మందగించిపోవడం అందుకు ఒక వివరణ. 2021లో జర్మనీ వైద్యులు మరికొన్ని దేశాల వాళ్లతో కలిసి, ఇలాంటి 11 మందికి ఫోర్-అమైనోపైరిడిన్ ఇచ్చి చూశారు. 9 మందికి మేలు కనిపించింది. ఫిట్స్ తెప్పించే మందే ఫిట్స్ తగ్గించింది! అందుకే పక్కింటి అబ్బాయికి పనిచేసిన మాత్ర మీ అమ్మాయికి పనిచేయాలని లేదు. ఏ తూము పాడైంది, ఏ వైపుకు పాడైంది అన్నది తెలియాలి.

తెరిచే మందులు

ఫిట్స్ మందుల్లో ఎక్కువ భాగం కాలువ వైపు, అంటే సోడియం తూము వైపు పనిచేస్తాయి. ఫెనిటోయిన్, కార్బమజిపైన్ అలాంటివే. డ్రెయిన్ వెడల్పు చేయాలన్న ఆలోచనతో వచ్చిన మొదటి ఫిట్స్ మందు రెటిగాబిన్. ఇది కేసీఎన్‌క్యూ తూములను తెరుస్తుంది. 2011లో యూరప్, అమెరికా రెండు చోట్లా అనుమతి వచ్చింది. మందు పనిచేసింది. కానీ అలాంటి తూములు మూత్రాశయం కండరంలోనూ ఉన్నాయి. కొందరికి మూత్రం ఆగిపోయింది. దీర్ఘకాలం వాడినవాళ్లలో కొందరికి పెదవులు, గోళ్లు, చర్మం నీలం రంగుకు తిరిగాయి. కంటి రెటీనాలో మచ్చలు కనిపించాయి. 2013లో అమెరికా సంస్థ హెచ్చరిక జారీచేసింది. 2017లో కంపెనీ మందును మార్కెట్ నుంచి తీసేసింది.

దీని దగ్గరి చుట్టం ఫ్లూపిర్టిన్. నొప్పి మాత్రగా మన దగ్గర కూడా అమ్మారు. కాలేయం దెబ్బతింటోందని 2018లో యూరప్ దాన్ని నిలిపేసింది. కొత్త మందు అనగానే మంచి మందు అనుకునేవాళ్లు ఈ రెండు కథలూ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు వార్తల్లో ఉన్నది అజెటుకాల్నర్. ఇదీ కేసీఎన్‌క్యూ తూములు తెరిచేదే. ఇతర ఫిట్స్ మందులు వాడుతున్నా అదుపు కాని 325 మంది పెద్దల మీద జరిపిన రెండో దశ ప్రయోగం ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. ఎనిమిది వారాల పాటు రోజుకు 25 మిల్లీగ్రాములు వాడినవాళ్లలో ఫిట్స్ మధ్యస్థంగా 52.8 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో తగ్గింది 18.2 శాతం. తలతిరుగుడు, మగత, నీరసం ప్రధానమైన ఇబ్బందులు. మందు మూడో దశ ప్రయోగాల దాకా వెళ్లింది.

అంకెలు బాగున్నాయి. అయితే ఎలా చదవాలో చూడండి. వాళ్లంతా పాత మందులు మానకుండానే దీన్ని అదనంగా వాడారు. సగం తగ్గడమంటే సగం మిగిలి ఉండటం కూడా. రెటిగాబిన్ నీలం రంగు బయటపడటానికి ఏళ్లు పట్టింది, ఎనిమిది వారాల ప్రయోగం ఏళ్ల సంగతి చెప్పలేదు. ఈ మందు ఇంకా మన మందుల షాపుల్లోకి రాలేదు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తామని ఎవరైనా అంటే డబ్బులు కట్టకండి.

మీ మందుల డబ్బాలో

పొటాషియం ఛానల్ మందులు మీ ఇంటికి కొత్తనుకుంటున్నారా? నాన్నగారు షుగర్‌కు వేసుకునే గ్లిమెపిరైడ్ అలాంటిదే. క్లోమంలో ఒక రకం పొటాషియం తూమును మూసి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. అబ్బాయి బట్టతల భయంతో రాసుకునే మినాక్సిడిల్ ఆ కుటుంబంలోని తూములనే తెరుస్తుంది. గుండెనొప్పికి ఇచ్చే నికోరాండిల్ కూడా అంతే. తూము ఏ అవయవంలో ఉందన్నదాన్ని బట్టి పని మారుతుంది. గ్లిమెపిరైడ్ వేసుకుని ఏకాదశి ఉపవాసం చేసే పెద్దవాళ్లకు షుగర్ బాగా పడిపోయి ఫిట్స్ రావచ్చు. మూర్ఛ జబ్బనుకుని కంగారుపడే ముందు గ్లూకోమీటర్‌తో చూడండి.

మరో అపోహ. పొటాషియం ఛానల్ మందు అనగానే కొబ్బరినీళ్లు, అరటిపండు గుర్తొస్తాయి. ఎక్కువగా తాగితే ఫిట్స్ తగ్గుతాయా అని అడుగుతారు. తగ్గవు. ఈ మందులు తూమును తెరుస్తాయి లేదా మూస్తాయి. పొటాషియం పోయవు. కిడ్నీ జబ్బున్నవాళ్లు కొబ్బరినీళ్లు అదేపనిగా తాగితే గుండె లయకే ప్రమాదం.

కొత్త మందు రాకముందే ఆగిపోయే మాత్రలు

ఇప్పుడు అసలు బాధ. ఫిట్స్ ఉన్నవాళ్లలో సరైన మందు సరిగ్గా వాడితే 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మందులు పాతవే, ఎక్కువ భాగం చవకవే. పొటాషియం తూము మందు కోసం ఎదురుచూడాల్సింది మిగతా వాళ్లు. మన ఇళ్లలో మాత్రం పనిచేస్తున్న మాత్రే మధ్యలో ఆగిపోతుంది. ఏడాదిగా ఫిట్స్ రాలేదని ఒకరు మానేస్తారు. ఇంటర్ పరీక్షలకు మగత వస్తుందని మరొకరు.

పెళ్లి సంబంధాల వేళ మాత్రల స్ట్రిప్పు బీరువా అడుగుకు చేరుతుంది. గుడివాడ అమ్మాయి అత్తవారింటికి వెళ్లాక ఎవరూ చూడకుండా మాత్ర వేసుకోవాలంటే ఎన్నాళ్లు సాగుతుంది? మానేస్తుంది. మొదటి ఫిట్ వంటగదిలో పొయ్యి దగ్గర వస్తుంది. 1999లో వివాహ చట్టాలను సవరించి, మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లి చెల్లదనే వీలును తీసేశారు. చట్టం మారి పాతికేళ్లు దాటినా చాలా ఇళ్లలో ఆ సంగతే తెలియదు. దాచి చేసే పెళ్లి కన్నా చెప్పి చేసే పెళ్లి ఆ అమ్మాయి ప్రాణానికి క్షేమం. వాల్‌ప్రోయేట్ వాడుతున్న అమ్మాయిలు గర్భానికి ముందే న్యూరాలజిస్టును కలవాలి, ఎందుకంటే అది కడుపులో బిడ్డకు హాని చేయగలదు. సొంతంగా ఆపేయడం మాత్రం ఇంకా ప్రమాదం.

ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టకండి. ఇనుముకు ఏ తూమూ మూతపడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ కుక్కకండి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108.

అవనిగడ్డ నుంచి బందరు దాకా

2020లో వెలువడ్డ ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2019 దాకా దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారు. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతమూ ఉంది. 2024 మార్చిలో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్నది లక్ష్యం. అదే ఏడాది నవంబరులో, ప్రతి పాముకాటునూ తప్పనిసరిగా నమోదు చేసేలా చూడాలని రాష్ట్రాలను కోరింది. మంచి నిర్ణయం. లెక్క తెలియకపోతే ఏ మండలంలో ఎన్ని వయల్స్ ఉంచాలో ఎలా తెలుస్తుంది?

లెక్కలతో ఊపిరి నిలవదు. బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అవనిగడ్డ నుంచి అక్కడికి 30 కిలోమీటర్ల పైనే. విజయవాడ అయితే 60 దాటుతుంది. ఎదురుమొండి దీవి నుంచి వచ్చేవాళ్లు ముందు నది దాటాలి. కట్లపాము కాటులో ఊపిరి ఆగిపోయేది తరచుగా ఈ దారిలోనే. అందుకే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే లక్షణాలు చూసి యాంటీవీనమ్ మొదటి మోతాదు పడాలి, తర్వాత పెద్దాసుపత్రికి పంపాలి. దానికి రియాక్షన్ వస్తుందని భయపడి ఇవ్వకుండానే పంపేయడం చాలా చోట్ల ఉన్న అలవాటు. రియాక్షన్‌కు అడ్రినలిన్ ఉంది, ఆగిన ఊపిరికి అంత తేలికైన మందు లేదు. అంబులెన్స్‌లో అంబు బ్యాగ్ నొక్కడం వచ్చిన మనిషి ఉండటం, నా ఉద్దేశంలో, మరో కొత్త భవనం కన్నా ముందు కావాల్సింది.

ఇంటి దగ్గర మీ చేతిలో ఉన్న పనులు కొన్నే. మంచం మీద పడుకోండి. దోమతెర అంచులు పరుపు కిందికి మడవండి. దోమతెర కట్లపాము నుంచి కూడా కాపాడుతుంది. కాటు పడితే తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాలో చేయో కదలకుండా చూసి వెంటనే బయల్దేరండి. పాము కోసం వెతుకుతూ ఆగకండి. మన దేశంలో ఇచ్చే యాంటీవీనమ్ కట్లపాముతో సహా నాలుగు ముఖ్యమైన విషసర్పాలకూ కలిపి తయారైనదే. లక్షణాలేమీ లేకపోయినా ఒక రోజంతా ఆసుపత్రి పర్యవేక్షణలో ఉండండి.

మీవాళ్లు వెంటిలేటర్ మీద ఉంటే, లోపలికి పంపిన ఆ పది నిమిషాల్లో మంచం పక్కన నిలబడి ఆసుపత్రి ఖర్చుల గురించో, ఇక లాభం లేదనో మాట్లాడుకోకండి. పేరు పెట్టి పిలవండి, ఇవాళ ఏ వారమో చెప్పండి. రెప్ప కదపలేకపోతున్నా వాళ్లు వింటూనే ఉండొచ్చు.